దుప్పి కొమ్ము కాలిన వాసన

సౌదీలో ఖమీస్ ముషైత్ అనే ఊళ్లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరిన రెండో ఏడు మా ఆయన్ని తెచ్చుకున్నాను. పెళ్లయిన నర్సు తోడుగా భర్తని తెచ్చుకోవచ్చు. అలా వచ్చిన మగమనిషిని మహరం అంటారు. అక్కడ ఉండనిచ్చే అనుమతి పుస్తకాన్ని ఇకామా అంటారు, ఆయన ఇకామాలో అరబ్బీ ముద్ర ఒకటి ఉండేది. ఆస్పత్రి గుమాస్తా దాన్ని నాకు చదివి చెప్పాడు. "పని చేయడానికి అనుమతి లేదు" అని. ఎవరి దగ్గరా ఏ పనీ చేయకూడదు. పట్టుబడితే ఆయన్ని వెనక్కి పంపేస్తారు, ఆయనతోపాటు నన్నూ పంపేస్తారు.

మా ఆయనది శ్రీకాకుళం జిల్లా చివర, పర్లాకిమిడి దగ్గరి ఊరు. వాళ్లింట్లో తాతల నాటి నుంచి గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసేవారు. పదేళ్ల వయసు నుంచి ఆకురాయి పట్టిన మనిషి. నాతో రావడానికి సంతోషంగానే ఒప్పుకున్నాడు. వచ్చాక మొదటి అయిదు నెలలు ఇల్లు ఊడ్చాడు, వండాడు, అర్థంకాని టీవీ చూశాడు. నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నాడో, వచ్చేసరికి అదే కుర్చీలో ఉండేవాడు. మాట తగ్గిపోయింది. ఒకరోజు స్నానానికి వెళితే కొత్త సబ్బు బిళ్ల ఉండాల్సిన చోట రొయ్య ఉంది. మీసాలు, కాళ్లు, తోక మీద గీతలు, అన్నీ ఉన్నాయి. చాకు మొనతో చెక్కాడట. నాకు నవ్వు రాలేదు. ఈ మనిషిని ఇక్కడ ఇలాగే ఉంచితే ఏమవుతాడో అని మొదటిసారి భయమేసింది.

ఆ వారమే బజారుకి వెళ్లినప్పుడు మా ఆయన కత్తుల వరసలో ఒక యెమెనీ ముసలాయన దుకాణం ముందు ఆగిపోయాడు. నడుముకి కట్టుకునే వంకీ కత్తులు, మేకల్ని కోసే కత్తులు, చాకులు. ఆయన కత్తుల్ని చూడలేదు, పిడుల్ని చూశాడు. ఒక దాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వేలిగోటితో గీకి, "ఇది దుప్పి కొమ్ము" అన్నాడు నాతో. తర్వాత యెమెనీ వైపు తిరిగి తనకొచ్చిన కాస్త హిందీలో, "పిడి లోపల వదులుగా ఉంది, ఆర్నెల్లలో ఊడిపోతుంది" అన్నాడు. యెమెనీకీ కాస్త హిందీ వచ్చు. ఆయన మా ఆయన ముఖం వంక, తర్వాత చేతుల వంక చూసి, లోపల్నుంచి గోనెసంచి లాక్కొచ్చాడు. నిండా కొమ్ములే. చలిదేశాల్లో జింకలు ఏటా రాల్చేసినవి ఏరి పంపుతారట. ముసలాయనకి చూపు తగ్గింది. పిడులు వేసేవాడు లేడు.

"ఇంటికి తీసుకెళ్లి చేసి తెస్తావా?" అన్నాడు.

నేను చెయ్యి పట్టి లాగాను. మా ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆకలేసిన మనిషి అడక్కుండా చూసే చూపు. నేను చెయ్యి వదిలేశాను. ఆ తర్వాత జరిగినదాంట్లో నా తప్పు లేదని ఎప్పుడూ అనుకోలేదు.

మేం ఉన్నది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. కింద ఇంటి యజమాని ఉండేవాడు. డెబ్బై దాటిన సౌదీ పెద్దాయన, భార్య పోయింది. ప్రతి శుక్రవారం కొడుకు వచ్చేవాడు. ఆ కొడుకు జవాజాత్‌లో అధికారి. ఇకామాలు చూసేదీ, దొంగతనంగా పనిచేసేవాళ్లని పట్టుకునేదీ వాళ్లే. ఆయన జీపు మా కిటికీ కిందే ఆగేది. అద్దెకి దిగినప్పుడు ఈ సంగతి తెలిసి, మనకి రక్షణగా ఉంటుందిలే అనుకున్నాం. కొమ్ముల సంచి ఇంట్లోకి వచ్చాక ఆ జీపు చప్పుడు వింటేనే వంటగది తలుపు మూసేసేదాన్ని.

మా ఊళ్లో అయితే దుప్పి కొమ్ము ఇంట్లో ఉంటేనే కేసు, ఫారెస్టువాళ్లు వస్తారు. ఇక్కడ కొమ్ము తప్పు కాదు, దాన్ని చెక్కే చేతులు తప్పు. ఇది మా ఆయన అన్న మాటే. అని నవ్వాడు. అయిదు నెలల తర్వాత నవ్వాడు.

గేదె కొమ్ము వేరు, దుప్పి కొమ్ము వేరట. గేదె కొమ్ముని కాచితే మెత్తబడి చెప్పినట్టు వింటుంది. దుప్పి కొమ్ము నిజానికి ఎముక. పైన గట్టిగా, బెరడులా గరుకుగా ఉంటుంది. లోపల స్పాంజిలా సన్నటి చిల్లులు. పిడిలోకి దూరే కత్తి తోకని ఆ మెత్తటి మధ్యలోకి దించాలి. నీళ్లలో ఉడకబెట్టి, బర్మాతో తొలిచి, లక్క పోసి బిగించాలి. తొలిచేటప్పుడు చెయ్యి వెంట్రుకవాసి పక్కకి పోయినా పెంకు పగిలిపోతుంది. వంటగదిలో నేల మీద దుప్పటి పరిచి, రెండు మోకాళ్ల మధ్య కొమ్ము బిగించుకుని చేసేవాడు.

చప్పుడు సంగతి ఆయనే తేల్చాడు. ఊరి పక్కనే మిలటరీ విమానాల స్థావరం. విమానం లేచినప్పుడు కిటికీ అద్దాలు గలగలలాడతాయి. అప్పుడే రంపం లాగేవాడు. శబ్దం తగ్గగానే ఆపేసేవాడు. రంపం కొమ్ములో ఉండగానే చేయి గాల్లో ఆపి, మళ్లీ విమానం లేచేదాకా కూర్చునేవాడు. మేం క్రైస్తవులం, అక్కడ మా ప్రార్థన కూడా అలా గొంతు తగ్గించి చేసుకునేవాళ్లమే కాబట్టి ఆ ఇంట్లో గట్టిగా జరిగే పని ఏదీ లేకుండా పోయింది.

వాసనకి మాత్రం ఉపాయం దొరకలేదు. రంపం వేడికి కొమ్ము కాలుతుంది. వెంట్రుకలు కాలినట్టు, పంటి డాక్టరు దగ్గర పన్ను అరగదీసినట్టు వాసన. తలుపు కింద తడి తువ్వాలు దూర్చేదాన్ని. సాంబ్రాణి వేసేదాన్ని. డ్యూటీ నుంచి వస్తూ రెండో అంతస్తు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చేదాన్ని, బయటికి వస్తోందా లేదా అని. ఒక్కోరోజు వచ్చేది. ఒక్కోరోజు వస్తోందో, నా ముక్కులోనే ఉండిపోయిందో తెలిసేది కాదు. ఆస్పత్రిలో రోగికి సూది వేస్తుంటే కూడా ఆ వాసన తగిలేది.

ఒక మధ్యాహ్నం తలుపు కొట్టారు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. మా ఆయన రొట్టెలకి వెళ్లాడు. తల మీద గుడ్డ కప్పుకుని సందు తీసి చూస్తే ఇంటాయన. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"ఏదో కాలుతోంది, సిస్టర్" అన్నాడు అరబ్బీలో. "వైర్లు కాలుతున్నాయేమో చూద్దామని వచ్చాను."

నా వెనక పది అడుగుల్లో, వంటగది గట్టు కింద ఆరు కత్తులు ఉన్నాయి. నాలుగింటికి పిడులు పడ్డాయి.

"వైర్లు కాదు. మేక కాళ్లు" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. "మంట మీద కాల్చి, బొచ్చు తీసి వండుతాం."

ఆయన ముఖం విప్పారింది. "కాళ్లా! నా భార్య వండేది. ఆమె పోయాక తిననే లేదు."

ఆగి నా వంక చూశాడు. ఏమంటాను? "రేపు తెస్తాను" అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయన కసాయి దుకాణానికి పరిగెత్తాడు. నిజంగానే నాలుగు కాళ్లు తెచ్చి, నిజంగానే స్టవ్ మీద కాల్చాం. కారం తగ్గించి, మిరియాలు వేసి పులుసు పెట్టి కిందికి తీసుకెళ్లాను. గిన్నె ఖర్జూరాలతో తిరిగొచ్చింది. అబద్ధం నిలబెట్టడానికి ఆ తర్వాత నెలకి రెండుసార్లు కాళ్లు వండాం. నేను మాత్రం ఆ పులుసు ముట్టేదాన్ని కాదు.

ఆ ఏడాది ఊళ్లో తనిఖీలు ఎక్కువయ్యాయి. ఎక్కడెక్కడో గొడవలు జరిగాయని, రోడ్ల మీద ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మలు పెట్టారు. పిడులు వేసిన కత్తుల్ని దుకాణానికి చేర్చడం అంతదాకా ఆయన చూసుకునేవాడు. ఇక ఆయన ఒక్కడే సంచితో వెళితే ఆపుతారు. ఆడమనిషి పక్కనుంటే సాధారణంగా సంచి వెతకరు. నేనే మోస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. నేను వినలేదు.

గురువారం పొద్దున టాక్సీలో బయల్దేరాం. ఆ విడత పిడులు వేసిన ఆరు కత్తుల్ని పాత పేపర్లలో చుట్టి, నా ఆస్పత్రి సంచిలో అడుగున పెట్టి, పైన టిఫిను డబ్బా, తువ్వాలు పెట్టాను. సంచి ఒళ్లో పెట్టుకుని పైన నల్లటి అబాయా కప్పాను. బజారుకి ఇంకో రెండు వీధులుండగా ఆపారు.

చిన్నవాడే సైనికుడు. తుపాకీ భుజానికి వేలాడుతోంది. ఇకామాలు తీసుకుని నాది చూశాడు, మా ఆయనది చాలాసేపు చూశాడు.

"నువ్వేం పని చేస్తావు?" అని అడిగాడు ఆయన్ని.

అడిగితే ఏం చెప్పాలో ఇంట్లో వందసార్లు అనుకున్నదే.

"పని లేదు. ఇంట్లో ఉంటాను" అన్నాడు మా ఆయన వచ్చీరాని అరబ్బీలో.

సైనికుడు పక్కవాడికి ఆ మాట చెప్పి నవ్వాడు. "పెళ్లాం పనికి, మొగుడు నిద్రకి!" టాక్సీవాడూ నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చేతులు ఒళ్లో దాచుకున్నాడు. గోళ్ల సందుల్లో తెల్లపొడి ఉంటుందని ఆయనకీ తెలుసు.

"ఒళ్లో ఏమిటి?" సైనికుడు నా అబాయా ఎత్తుని చూపించాడు.

"ఆస్పత్రి సామాన్లు" అన్నాను. వాడు చెయ్యి చాచాడు. నేను సంచి మీద ఇంకా వంగిపోయి, రోగుల దగ్గర రోజూ వాడే అరబ్బీలో, "ఆడవాళ్ల సామాన్లు" అన్నాను.

చాచిన చెయ్యి వెనక్కి పోయింది. కుర్రాడు చూపు తిప్పుకుని ఇకామాలు కిటికీలోంచి పడేశాడు. పొమ్మన్నాడు.

దుకాణం దగ్గర దిగితే తలుపు మూసి ఉంది. పక్క దుకాణంలో గొలుసులు అమ్మే మనిషి, ముందు మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. నిన్న జవాజాత్‌వాళ్లు వచ్చారు. ముసలాయన కాగితాలు సరిగా లేవని తీసుకుపోయారు. పిడులు ఎవరు వేస్తున్నారని అడిగారట.

"ఏం చెప్పాడు?" అన్నాడు మా ఆయన.

"నాకేం తెలుసు?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

అవే కత్తులతో వేరే టాక్సీలో, చుట్టుదారిలో ఇంటికొచ్చాం. లోపలికొచ్చి అబాయా విప్పితే తొడ దగ్గర చుడీదారు తడిగా ఉంది. వంగినప్పుడు ఒక మొన పేపరునీ సంచినీ చీల్చుకుని దిగింది. నాకు నొప్పే తెలియలేదు. నల్లబట్ట మీద రక్తం ఎవరికీ కనపడలేదు. నేనే కడుక్కుని కట్టు కట్టుకుంటుంటే మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి చూశాడు.

"ఇక చాలు" అన్నాడు. "ఒట్టు. ఇక ముట్టుకోను."

కానీ కత్తులు ఇంట్లోనే ఉన్నాయి. ఎవరివో కత్తులు. పారేద్దామంటే చెత్తకుప్పలో ఆరు కత్తులు దొరికితే ఇంకో గొడవ. బియ్యం డబ్బాలో దాచి, పైన బియ్యం పోశాను. ముసలాయన మా పేరు చెప్పాడో లేదో తెలియదు. వారం పాటు డ్యూటీలో ఎవరైనా నన్ను పిలిస్తే ముందు చేతులు చల్లబడేవి, తర్వాత వినపడేది.

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం జీపు వచ్చింది. కాసేపటికి ఇంటాయన దగ్గర పనిచేసే మనిషి పైకొచ్చి, మా ఆయన్ని కిందికి రమ్మన్నారన్నాడు. ఆయన చొక్కా మార్చుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నేను రాకపోతే ఆస్పత్రిలో మీ మేట్రనమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాడు. అంతే అని దిగిపోయాడు.

కిటికీ దగ్గర నిలబడ్డాను. అరగంట. గంట. నా బట్టలు, సర్టిఫికెట్లు ఒక పెట్టెలో సర్దాను. మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి జీపు ఇంజను మోగింది. పైనుంచి చూస్తే జీపు కప్పు తప్ప లోపల ఎవరున్నారో కనపడలేదు. వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆయన్ని తీసుకుపోయారనుకున్నాను. ప్రార్థన చేద్దామంటే 'ప్రభువా' తర్వాత మాట రాలేదు.

ఇంకో అరగంటకి మెట్ల మీద అడుగులు. ఒక్కరివే. మా ఆయన. చంకలో గుడ్డమూట.

మంచినీళ్లు తాగాక చెప్పాడు. కొడుకు ఉన్నంతసేపూ ఇంటాయన కాఫీ పోస్తూ వానల గురించే మాట్లాడాడట. కొడుకు వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి, పెట్టెలోంచి ఒక వంకీ కత్తి తీశాడు. పిడికి రెండు చివర్లా వెండి రేకు, మధ్యలో కొమ్ము నిలువునా చీలి తీగతో కట్టి ఉంది. వాళ్ల నాన్నదట.

"మేక కాళ్లయితే ఒక పూట కాలతాయి. మీ ఇంట్లో ఆరు నెలలుగా కాలుతున్నాయి" అన్నాడట మెల్లగా, మా ఆయనకి అర్థమయ్యేలా వేళ్లు లెక్కపెట్టి చూపిస్తూ. "దీనికి పిడి వేస్తావా?"

"మీరేమన్నారు?"

"ఏమంటాను?"

అది అడగడమో, బెదిరించడమో మాకు తెలియలేదు. ఆయన ముఖం మంచిదే. కానీ కొడుకు జవాజాత్‌లో ఉన్నాడు. ఒట్టు తెగిపోయింది. మళ్లీ దుప్పటి పరిచాడు. కొమ్ముల సంచిలో మిగిలిన వాటిలో మొదలు లావుగా ఉన్న కొమ్ము ఒకటే ఉంది. మూడు రోజులు ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్లీ ఉడకబెట్టాడు. నడుము సన్నగా వచ్చేలా ఆకురాయి పట్టాడు. నాలుగో రోజు బర్మా తిప్పుతుండగా 'టిక్' అని చిన్న చప్పుడు. చూస్తే పెంకు మీద వెంట్రుకంత గీత. ఆయన నొక్కకుండానే అది మా కళ్లముందు పైదాకా పాకింది.

ఆయన బర్మా కింద పెట్టేశాడు. "వేరే ముక్క లేదు" అన్నాడు.

"పాతది చీలే ఉంది కదా, తీగ కట్టి ఇచ్చేద్దాం" అన్నాను.

"వాళ్ల నాన్నది" అన్నాడు.

ఇద్దరం కలిసే కిందికి వెళ్లాం. అరబ్బీ బాగా వచ్చింది నాకే, మాట నేను చెప్పాలి. రోగి పోయాడని బంధువులకి చెప్పేటప్పుడు వాడే గొంతుతో చెప్పాను. పగిలిన పిడిని ఇంటాయన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నేను ఆయన పెదాలు తప్ప ఇంకేమీ చూడలేదు.

"కొమ్మే కదా విరిగింది. కత్తి విరగలేదుగా" అన్నాడు. "లే, పోదాం."

తన పికప్ తీసి మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్లాడు. దారిలో అదే చోట ఆపారట. సైనికుడు ఇంటాయనని చూసి సలాం చెప్పి వదిలేశాడు. కొమ్ముల వర్తకుడి దగ్గర మా ఆయన ఒక్కో కొమ్మునీ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే ఇంటాయన ఎండలో అరగంట ఓపిగ్గా నిలబడ్డాడు.

రెండో పిడి కుదిరింది. బూడిద, కొబ్బరినూనెతో రుద్దితే బెరడు గీతలు గోధుమరంగులో మెరిశాయి. అది పట్టుకుంటే పిడికిలి దానంతటదే మూసుకునేది. కత్తి ఇస్తూ నేను బియ్యం డబ్బాలో కత్తుల సంగతి కూడా చెప్పేశాను. దాచి దాచి అలిసిపోయాను. మర్నాడు ఇంటాయన వాటిని సంచిలో పట్టుకెళ్లాడు. యెమెనీని సరిహద్దు దాటించేశారని, కత్తులు అతని అన్న కొడుక్కి చేర్చానని వారం తర్వాత చెప్పాడు. ముసలాయన మా పేరు చెప్పనే లేదని మాకు అప్పుడు అర్థమైంది. చెప్పి ఉంటే ఎప్పుడో వచ్చేవాళ్లు.

బక్రీదు రోజు తలుపు కొట్టారు. తీస్తే ఇంటాయన కొడుకు. చేతిలో మాంసం పళ్లెం, నడుముకి ఆ కత్తి. వెనక ఒక మెట్టు కింద తండ్రి నిలబడి ఉన్నాడు. మా ఆయన నా పక్కకి వచ్చాడు.

"ఈద్ ముబారక్" అన్నాడు కొడుకు ఇంగ్లిష్‌లో. "మా తాత కత్తి. నాన్న కొత్త పిడి వేయించాడు. నజ్రాన్‌లో ఎవరో వేశారట." పిడి మీద చెయ్యి వేసి మా ఆయన చేతుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "మంచి పనివాడు. కానీ నజ్రాన్ దూరం. అంత దూరం ఇంకెప్పుడూ వెళ్లొద్దని నాన్నకి చెప్పాను."

"అవును, దూరమే" అన్నాడు వెనక నుంచి ఇంటాయన, మా వంక చూడకుండా.

పళ్లెం అందుకునేటప్పుడు మాంసం రసం గుమ్మం మీద ఒలికింది.

ఆ సాయంత్రమే ఆకురాళ్లు, బర్మా నూనెగుడ్డలో చుట్టేశాం. ఆ తర్వాత అక్కడ ఇంకో మూడేళ్లు ఉన్నాం. మా ఆయన మళ్లీ కుర్చీలోకి వెళ్లిపోయాడు. నేను వేళకి నిద్రపోయాను. ఇంటాయన ఉన్నన్నాళ్లూ నెలకోసారి కాళ్ల పులుసు పంపాను, ఈసారి అబద్ధం కోసం కాదు. ఆయన పోయిన ఏడాదే మేమూ వచ్చేశాం.

ఇప్పుడు మా పెరట్లో రేకుల పాకలో ఆయన గేదె కొమ్ముతో పని చేసుకుంటున్నాడు. ఎవరూ ఆపరు. నేను బలవంతంగా ముక్కుకి మాస్కు కట్టిస్తాను. మొన్నొకరోజు కూర్చుని చూస్తూ అడిగాను, "అప్పుడు మీకు భయమేయలేదా?" అని.

"వేసింది" అన్నాడు. "కానీ సబ్బు చెక్కుకుంటూ కూర్చున్నప్పుడు వేసినంత కాదు."

నాకు కోపమొచ్చింది. ఆ ఏడాదంతా నేను పడ్డది ఈయనకి తెలియనే తెలియదా అనిపించింది. అదే అన్నాను. ఆకురాయి ఆపి నా వంక చూశాడు.

"నువ్వు ఒళ్లో సంచి పెట్టుకుని వంగావు చూడు, ఆ రోజు మాత్రం చచ్చేంత వేసింది. నీకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

మాస్కు కిందికి జారింది. లేచి వెళ్లి సరిచేశాను.